బోనస్ గీత దగ్గర లాగిన తొడ కండరం: సంక్రాంతి కబడ్డీ పోటీలకు దిగవచ్చా?

ప్రశ్న: రైడర్ కుర్రాడు, బాపట్ల జిల్లా

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ మా ఊరి కబడ్డీ జట్టులో రైడర్‌గా (కూతకు వెళ్ళేవాడిగా) ఆడుతున్నాను. సంక్రాంతికి మా చుట్టుపక్కల ఊళ్ళలో వరుసగా పోటీలు జరుగుతాయి. మా జట్టుకు ఏడాది మొత్తంలో అసలైన సీజన్ అంటే ఆ వారం పది రోజులే.

ధనుర్మాసం మొదలైన కొద్ది రోజులకు, సాయంత్రం సాధనలో బోనస్ గీత (ఎదుటి కోర్టు లోపల, కాలితో దాటితే అదనపు పాయింటు వచ్చే గీత) దాటించడానికి ఎడమ కాలు పూర్తిగా చాచినప్పుడు, మూలన నిలబడి రైడర్‌ను పట్టే క్యాచర్ నా చీలమండ అందుకున్నాడు. నేను మధ్య గీత వైపు ఒళ్ళు తిప్పి కాలు గుంజుకునేసరికి, తొడ వెనుక, సరిగ్గా పిరుదు కింద ఏదో సాగినట్టు అనిపించింది. చప్పుడేమీ వినిపించలేదు, నేను పడిపోనూ లేదు. ఆ తరువాత మరో రెండు కూతలకు కూడా వెళ్ళి వచ్చాను. మరునాటి ఉదయం మంచం అంచున కూర్చుని బూట్లు తొడుక్కోవడానికి వంగినప్పుడు మాత్రం గట్టిగా నొప్పి తెలిసింది. కమిలిన మచ్చ పెద్దగా రాలేదు. ఇప్పుడు మామూలుగా నడిస్తే ఏమీ తెలియడం లేదు, నెమ్మదిగా పరుగెత్తినా ఇబ్బంది లేదు. కాలేజీలో బెంచీ మీద గంటసేపు కూర్చుంటే మాత్రం అదే చోట సలపరం మొదలవుతుంది.

పండుగకు ఇంకా రెండు వారాల పైచిలుకు ఉంది. మా కెప్టెన్ అన్నయ్య, సిడ్నీ టెస్టులో క్రికెటర్ హనుమ విహారి చీలిన కండరంతోనే రోజంతా నిలబడలేదా అని అడుగుతున్నాడు. మేనమామ పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకురమ్మంటున్నాడు. ఊళ్ళో ఆర్ఎంపీ గారు ఆట రోజు ఉదయం ఒక ఇంజెక్షన్ చేస్తే సరిపోతుందని అంటున్నారు. ఈసారి తప్పుకుంటే నా స్థానంలోకి వచ్చే కుర్రాడు అక్కడే పాతుకుపోతాడేమోనని నాకు బెంగగా ఉంది. నొప్పి దాదాపు పోయిన తరువాత కూడా ఆగవలసిన అవసరం నిజంగా ఉందా? ఆగవలసి వస్తే, ఆడవచ్చునని తెలిసేది దేన్నిబట్టి?

జవాబు 1: ఫిజియోథెరపిస్టు, విజయవాడ

గాయమైన తీరును మీరు వివరంగా రాయడం మంచిదైంది. ఈ గాయంలో ఎంత నొప్పి పుట్టిందన్న దానికంటే అది ఎలా తగిలిందన్నదే మాకు ఎక్కువ విషయం చెబుతుంది. తొడ వెనుక ఉండే హ్యామ్‌స్ట్రింగ్ కండరాలు మూడు. కూర్చున్నప్పుడు మన బరువు మోసే ఎముక దగ్గర మొదలై, మోకాలు దాటి కింది ఎముకలకు అతుక్కుంటాయి. పూర్తి వేగంతో పరుగెత్తేవారికి, ముందుకు విసిరిన కాలు నేలను తాకబోయే క్షణంలో, ఎక్కువగా బయటి వైపున ఉండే బైసెప్స్ ఫెమోరిస్ కండరం చీలుతుంది. అలా చీలినప్పుడు ఆటగాడు తొడ పట్టుకుని అక్కడికక్కడే ఆగిపోతాడు. మీకు తగిలినది రెండో రకంలా ఉంది. తుంటి బాగా వంగి, మోకాలు చాపి ఉన్న భంగిమలో కండరం దాని చివరి హద్దు దాకా సాగినప్పుడు, లోపలి వైపు కండరపు పై భాగంలో, ఎముకకు దగ్గరగా ఉండే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడులాంటి భాగం) దెబ్బతింటుంది. రక్తస్రావం తక్కువ కాబట్టి కమిలిన మచ్చ కనిపించకపోవచ్చు. మొదట్లో నొప్పి కూడా అంతంతమాత్రంగానే ఉంటుంది. కూర్చున్నప్పుడు సలపడం దీని గుర్తుల్లో ఒకటి.

చూడటానికి చిన్నదిగా ఉండే ఈ రెండో రకమే మానడానికి ఎక్కువ కాలం తీసుకుంటుంది. పరుగులో గాయపడిన స్ప్రింటర్లను, కాలు సాచే విన్యాసంలో గాయపడిన నృత్యకళాకారులను స్వీడన్ పరిశోధకులు పోల్చి చూశారు. తమ పూర్వపు స్థాయికి చేరడానికి స్ప్రింటర్లకు మధ్యస్థంగా 16 వారాలు పడితే, మొదట్లో తక్కువ బాధపడిన నృత్యకళాకారులకు 50 వారాలు పట్టింది. మిమ్మల్ని భయపెట్టడానికి ఈ అంకెలు రాయడం లేదు. కాలిని తల దాకా ఎత్తవలసినవారి పూర్వపు స్థాయి వేరు, మీ గాయం అంత లోతుగా ఉందో లేదో చేత్తో పరీక్షించి, అవసరమైతే ఎమ్మారై తీయించి తేల్చవలసిందే తప్ప ఇక్కడ రాసినది చదివి చెప్పగలిగేది కాదు. కానీ నొప్పి పోయిందన్న ఒక్క ఆధారంతో తేదీ నిర్ణయించుకోవడం ఈ రకం గాయంలో మరీ ప్రమాదకరమని మాత్రం గట్టిగా చెప్పగలను.

నొప్పి పోవడానికీ కండరం మానడానికీ మధ్య ఎందుకింత తేడా ఉంటుందంటే, చిరిగిన చోట మొదటి కొన్ని రోజులు వాపు ఉంటుంది, తరువాతి రెండు మూడు వారాల్లో కొత్త పోగులు అల్లుకుంటాయి, ఆ పోగులు లాగుడు పడే దిశలో సర్దుకుని బలపడటానికి నెలలు పడుతుంది. వాపు తగ్గగానే నొప్పి తగ్గుతుంది. కానీ ఆ సమయానికి కొత్త పోగులు ఇంకా లేతగానే ఉంటాయి. పైన ఆరిపోయి గట్టిగా కనిపించే కొత్త సిమెంటు గచ్చుకు కూడా మేస్త్రీ ఎందుకు రోజుల తరబడి నీళ్ళు కొట్టిస్తాడో మీకు తెలుసు. హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు తిరగబెట్టడం చాలా మామూలు, అదీ ఎక్కువగా ఆటలోకి దిగిన మొదటి కొన్ని వారాల్లోనే జరుగుతుంది.

ఆగడమంటే మంచం మీద పడుకోవడం కాదు. తొడ, పిక్క కండరాలు గాయపడిన సాధారణ క్రీడాకారుల్లో, రెండు రోజులకే వ్యాయామం మొదలుపెట్టినవారిని, తొమ్మిది రోజులకు మొదలుపెట్టినవారిని డెన్మార్క్‌లో పోల్చి చూశారు. త్వరగా మొదలుపెట్టినవారు సుమారు మూడు వారాలు ముందుగా ఆటలోకి తిరిగి వచ్చారు. ప్రస్తుతం మీరు వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము ఎత్తే వ్యాయామాన్ని రెండు కాళ్ళతో మొదలుపెట్టి, నొప్పి లేకుండా చేయగలిగినప్పుడు ఒక కాలికి మారవచ్చు. సైకిలు తొక్కవచ్చు. కాలు చాపి ముందుకు వంగి కండరాన్ని బలంగా సాగదీసే పని మాత్రం ఇప్పుడు చేయకండి. పట్టేసినట్టుంది, సాగదీస్తే వదులుతుందని చాలామంది అనుకుంటారు, కానీ మీకు గాయం తగిలినదే సాగడం వల్ల.

పుత్తూరు ఎముకలు విరిగినప్పుడు జనం కట్టు కోసం వెళ్ళే చోటు. మీకు ఎముక విరగలేదు, తొడను కదలకుండా బిగించి ఉంచితే కండరం ఇంకా బలహీనపడుతుంది. ఇంజెక్షన్ విషయానికొస్తే, అది నొప్పిని తెలియనీయదు తప్ప పోగులకు ఒక్కరోజు వయసు కూడా పెంచదు. ఆట మధ్యలో మిమ్మల్ని ఆపగలిగిన ఒకే ఒక్క హెచ్చరికను అది తీసేస్తుంది.

ఇంకొక జాగ్రత్త. పిరుదు కింద గుంటలా తగలడం, తొడ వెనుక మొత్తం నల్లగా కమలడం, మోకాలు మడవడానికి బలం చాలకపోవడం, కాల్లో తిమ్మిరి వంటివి కనిపిస్తే టెండన్ ఎముక నుంచి ఊడివచ్చి ఉండవచ్చు. అప్పుడు వారాల తరబడి చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆర్థోపెడిక్ డాక్టరును కలవాలి, ఎందుకంటే శస్త్రచికిత్స అవసరమైతే అది ఆలస్యమయ్యే కొద్దీ కష్టమవుతుంది.

జవాబు 2: పాత క్యాచర్, తెనాలి

తమ్ముడూ, వైద్యం సంగతి పైన డాక్టరు గారు చెప్పారు కాబట్టి నేను ఆట సంగతి చెబుతాను. విహారి పేరు ఎత్తిన మీ కెప్టెన్‌కు ఆ కథ మిగతా సగం కూడా చెప్పు. 2021 జనవరి 11న సిడ్నీలో విహారి 161 బంతులు ఆడి 23 పరుగులతో అజేయంగా నిలిచాడు, అవతలి వైపు అశ్విన్ 128 బంతులు ఆడాడు, టెస్టు డ్రా అయింది. కాకినాడలో పుట్టిన కుర్రాడు అలా నిలబడటం చూసి మనమందరం మురిసిపోయాం, ఇప్పటికీ మురిసిపోతాం. కానీ అతనికి గాయమైంది ఆ ఇన్నింగ్స్‌లోనే. దిగాక తగిలిన దెబ్బతో ఆ ఒక్క మ్యాచ్‌ను కాపాడాడు. అతను చేసిన పని ఎక్కువగా క్రీజులో నిలబడి బంతిని ఆపడమే. పరుగు తీయడం ఎంత కష్టమైందో చూసినవాళ్ళందరికీ గుర్తుంటుంది. ఆ తరువాత బ్రిస్బేన్ టెస్టులో ఆడలేదు, స్వదేశంలో ఇంగ్లండుతో జరిగిన సిరీస్‌లోనూ ఆడలేదు. గాయంతో మ్యాచ్ ముగించడం వేరు, గాయంతో పోటీలు మొదలుపెట్టడం వేరు. పైగా ముప్పై సెకన్ల కూతలో నిలబడి ఆపుకునే బంతి ఏదీ ఉండదు.

ఇక క్యాచర్‌గా నా కళ్ళతో చెబుతాను, విను. కాలు దాచుకుంటూ వచ్చే రైడర్‌ను మూలలో నిలబడినవాడు మొదటి కూతలోనే పసిగడతాడు. బాక్ గీత (మధ్య గీతకూ బోనస్ గీతకూ నడుమ ఉండే గీత) దాటి లోపలికి వచ్చేటప్పుడు బాగానే వస్తాడు, కానీ వెనక్కి మళ్ళే ముందు బరువు ఏ కాలి మీద ఆనిస్తున్నాడో చూస్తే తెలిసిపోతుంది. బాగున్న కాలినే ప్రతిసారీ వెనుక ఉంచుతాడు. దెబ్బ తిన్న కాలిని చాచవలసిన చోట చేయి చాస్తాడు. అది గమనించగానే నేనైతే ఒక అడుగు ముందుకు జరిగి నిలబడేవాడిని, ఎందుకంటే ఇక అతను బోనస్‌కు రాడు. ఎదుటి కోర్టులో ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడే బోనస్ దొరుకుతుంది, అప్పుడు దానికి రాలేని రైడర్ వల్ల జట్టుకు ఒరిగేది చాలా తక్కువ. అంటే నువ్వు దిగినా మీ జట్టుకు దొరికేది నువ్వు కాదు, నీలో సగం. మీ కెప్టెన్‌కు ఈ లెక్క చెబితే గాయం లెక్క కంటే త్వరగా అర్థమవుతుంది.

స్థానం పోతుందన్న బెంగకు నేను చెప్పగలిగినది ఒకటుంది. పవన్ సెహ్రావత్‌ను 2022 ప్రొ కబడ్డీ సీజన్‌కు తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకు కొనుక్కుంటే, మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తం బయటే కూర్చున్నాడు. అతనిది మోకాలి గాయం, నీది కండరం, అది నిజమే. కానీ మరుసటి ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు కెప్టెన్‌గా బంగారు పతకం గెలిచాడు. ఆ ఏడాదే మన తెలుగు టైటాన్స్ 2.605 కోట్లు పెట్టి అతన్ని తీసుకుంది. కబడ్డీ తెలిసినవాళ్ళు కూర్చున్నవాడిని మరిచిపోరు.

జవాబు 3: డ్రిల్ మాస్టారు, ఏలూరు

పై ఇద్దరి మాటలతో ఎక్కువ భాగం ఏకీభవిస్తూనే, ఒక చిన్న భేదాభిప్రాయం చెప్పదలచుకున్నాను. ఇరవై ఏళ్ళ కుర్రాడిని పండుగ పోటీల్లో పూర్తిగా పక్కన కూర్చోబెడితే మనసు ఊరుకోదు. ఎవరో ఒకరు రెచ్చగొడితే చివరి మ్యాచ్‌లో ఏ సన్నద్ధతా లేకుండా దూకేస్తాడు. అందువల్ల సబ్‌స్టిట్యూట్‌గా పేరు రాయించి, కుదిరితే ఫైనల్లో కొన్ని నిమిషాలు కవర్ క్యాచర్‌గా (మూలన కాక లోపలి వైపు నిలబడి పట్టేవాడిగా) ఆడించే ఆశ ఒకటి ఉంచడం మంచిదేమోనని నా ఆలోచన. ఫిజియో గారు ఏమంటారో చూడాలి.

ఊరి పోటీల తీరు గురించి కూడా ఒక మాట. ఇవి ప్రొ కబడ్డీలా మ్యాట్ మీద, ఒక జట్టుకు రోజుకు ఒక్క మ్యాచ్‌గా జరిగేవి కావు. మట్టి కోర్టు, ఫ్లడ్ లైట్లు, జనవరి చలి, ఒకే రాత్రి రెండు మూడు మ్యాచ్‌లు, వాటి మధ్య ఎంతసేపు ఆగాలో నిర్వాహకులకే తెలియని పరిస్థితి. మొదటి మ్యాచ్‌కు వేడెక్కిన కండరం కుర్చీలో కూర్చునేసరికి చల్లబడుతుంది, మంచుకు మట్టి చెమ్మగిల్లి కాలు జారుతుంది, అర్ధరాత్రి దాటాక అలసట వస్తుంది. అలసిన హ్యామ్‌స్ట్రింగ్ త్వరగా చిరుగుతుంది. మీరు ఇంటి దగ్గర సాయంత్రం ఎండపొడలో చేసుకునే ఏ పరీక్షలోనూ ఈ పరిస్థితులు ఉండవని గుర్తుంచుకోండి.

ఆడవచ్చునని తెలిసేది దేన్నిబట్టి అని అడిగారు. నా దగ్గరకు వచ్చే పిల్లలకు నేను రోజుల లెక్క చెప్పను, మెట్లు చెబుతాను. కుంటకుండా వేగంగా నడవగలగాలి, తరువాత నెమ్మదిగా పరుగెత్తగలగాలి, తరువాత ముప్పాతిక వేగంతో, ఆ తరువాత పూర్తి వేగంతో. ప్రతి మెట్టు ఎక్కిన మరునాటి ఉదయం కండరం బిగుసుకోకుండా ఉంటేనే పై మెట్టు. బిగుసుకుంటే కింది మెట్టుకు దిగి రావాలి. ఆ పైన రైడర్‌కు ప్రత్యేకంగా మరికొన్ని ఉంటాయి: ఎదుట ఎవరూ లేకుండా కూతకు వెళ్ళి రావడం, క్యాచర్లు ఉన్నా పట్టకుండా నిలబడటం, తరువాత నెమ్మదిగా పట్టడం. అన్నింటికంటే చివరిది కాలు చాచి బోనస్ తీసుకోవడం. దానికీ పైన, ఆ చాచిన కాలిని ఎవరైనా పట్టుకోవడం. పరుగు ఎంత వేగంగా ఉండాలో మీ చేతిలో ఉంటుంది. చాచిన కాలిని అవతలివాడు ఎంత గట్టిగా లాగుతాడో మీ చేతిలో ఉండదు. పండుగలోగా ఈ ఆఖరి మెట్టు దాకా చేరగలరా అన్నదే మీ ప్రశ్నకు అసలు జవాబు.

రైడర్ కుర్రాడు

మాస్టారూ, అన్నయ్యా, డాక్టరు గారూ, మీ ముగ్గురికీ ధన్యవాదాలు. నిన్న వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా ఒక్కొక్క కాలినీ పైకి ఎత్తి చూసుకున్నాను. నెమ్మదిగా ఎత్తినప్పుడు రెండు కాళ్ళూ దాదాపు సమానంగానే లేచాయి. ఎడమ కాలిని వేగంగా విసరబోతే మాత్రం నొప్పి లేకపోయినా ఏదో బెదురు అడ్డుపడింది, కాలు దానంతటదే సగంలో ఆగిపోయింది. ఒంటికాలితో నడుము ఎత్తే వ్యాయామంలో కుడి కాలితో చేయగలిగినన్నిసార్లు ఎడమ కాలితో చేయలేకపోతున్నాను.

క్యాచర్ అన్నయ్య చెప్పిన సగం రైడర్ లెక్క మా కెప్టెన్‌కు చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు గానీ, చివరికి పేరు సబ్‌స్టిట్యూట్లలో రాస్తానన్నాడు. ఇంకో రెండు సందేహాలున్నాయి. రోజూ కాలేజీకి బస్సులో గంట ప్రయాణం, దానివల్ల గాయం పెరుగుతుందా? స్నేహితుడు కాళ్ళు పట్టుకుంటే మోకాళ్ళ మీద ముందుకు వాలే నార్డిక్ వ్యాయామం చాలా మంచిదని వీడియోల్లో చూశాను, ఇప్పుడే మొదలుపెట్టవచ్చా?

జవాబు 4: ఫిజియోథెరపిస్టు, విజయవాడ

ఆ బెదురును తీసిపారేయకండి. కాలు వేగంగా విసిరే పరీక్షను మేము చివరి దశలో, తక్కిన పరీక్షలన్నీ నెగ్గినవారికి మాత్రమే చేయిస్తాం. అందులో నొప్పి లేకపోయినా నమ్మకం చాలక కాలు ఆగిపోతే, ఆ ఆటగాడు ఇంకా సిద్ధంగా లేడనే లెక్క. కనుక మీరు దాన్ని ఇంట్లో మళ్ళీ మళ్ళీ ప్రయత్నించకండి. ఆ విసురులోనే కండరం మళ్ళీ చిరిగే అవకాశం ఉంది. రెండు కాళ్ళ బలంలో తేడా మీ అంతట మీరే కనిపెట్టారు, అది చాలు.

మాస్టారు గారి ఆలోచనలో మంచి ఉద్దేశం ఉంది, పేరు సబ్‌స్టిట్యూట్లలో ఉండటానికి నాకూ అభ్యంతరం లేదు. ఫైనల్లో కొన్ని నిమిషాలు అన్నదానికి మాత్రం ఒప్పుకోలేను. ఫైనలంటేనే పోటీల్లో అందరికంటే గట్టిగా పట్టే జట్లు, అందరికంటే ఆలస్యమైన వేళ, అందరికంటే చల్లబడిన కండరం. కవర్‌లో నిలబడినవాడికి కూడా రైడర్ మధ్య గీత వైపు మళ్ళగానే ఒక్క ఉదుటున కాలు చాచి దూకవలసి వస్తుంది. మీకు గాయమైన భంగిమ దానికి ఎంతో దూరం కాదు. పండుగ నాటికి ముప్పాతిక వేగం దాటి, ఎదుట ఎవరూ లేని కూతల మెట్టుకు చేరితే మీరు బాగా కోలుకుంటున్నట్టే. వేసవిలో జరిగే పోటీలను లక్ష్యంగా పెట్టుకోండి.

బస్సు ప్రయాణం వల్ల చిరిగినది ఇంకా చిరగదు. కానీ గట్టి సీటు అంచు సరిగ్గా దెబ్బతిన్న టెండన్ మీదే ఒత్తుతుంది కాబట్టి సలపరం ఎక్కువై, రోజువారీ వ్యాయామం వల్ల పెరిగిందో ప్రయాణం వల్ల పెరిగిందో తెలియకుండా పోతుంది. మెత్తటి దిండు వేసుకుని, బరువు కుడి వైపుకు ఆనించి, వీలైనప్పుడు లేచి నిలబడండి.

నార్డిక్ మంచి వ్యాయామమే. ఫుట్‌బాల్ జట్లలో దాన్ని క్రమం తప్పకుండా చేసినవారిలో హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు సుమారు సగానికి తగ్గాయి. అయితే అది ప్రధానంగా గాయం రాకుండా చూసుకోవడానికి, కోలుకునే చివరి దశకూ పనికివచ్చేది, ఇప్పుడు మీ కండరానికి ఆ భారం ఎక్కువ. ఒంటికాలితో నడుము ఎత్తడంలో రెండు కాళ్ళూ సమానమైన తరువాత, మొదట జారే గుడ్డ మీద మడమలు పెట్టి కాళ్ళను నెమ్మదిగా చాపే వ్యాయామం చేసి, అది కూడా కుదిరాక నార్డిక్‌కు వెళ్ళండి. అది మొదలుపెట్టిన మొదటి వారం తొడ వెనుక మొత్తం పచ్చిగా నొప్పిగా ఉంటుంది. అది మామూలే. పిరుదు కింద ఆ ఒక్క చోటే గుచ్చినట్టు నొప్పి వస్తే మాత్రం ఆపి, ఎవరికైనా చేత్తో పరీక్షించి చూపించుకోండి.